తాళంచెవి తీసుకోని పనిమనిషి

రైల్వే రూలు పుస్తకంలో ఉద్యోగికి ఉన్న పేరు 'రైల్వే సర్వెంట్'. 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు నియమాల్లోనూ అదే మాట, 1986 నాటి పాసుల నియమాల్లోనూ అదే మాట. గ్యాంగ్‌మన్ నుంచి జనరల్ మేనేజర్ దాకా కాగితం మీద అందరూ సర్వెంట్లే. అయితే ఈ సర్వెంట్‌ను ఉద్యోగంలోంచి తీసేయాలంటే ముందు ఎస్‌ఎఫ్-5 ఫారంలో అభియోగపత్రం ఇవ్వాలి. సాక్షులెవరో, ఆధారాలేమిటో చెప్పాలి. విచారణ జరపాలి. తరఫున మాట్లాడేందుకు తోటి ఉద్యోగినో, రిటైరైన ఉద్యోగినో 'డిఫెన్స్ హెల్పర్'గా తెచ్చుకోనివ్వాలి.

బిలాస్‌పూర్‌ను ఆనుకుని ఉన్న తిఫ్రాలో ఇల్లు కట్టుకున్న ఓ రిటైర్డ్ లోకో పైలట్‌కు ఈ నియమాలన్నీ కంఠతా వచ్చు. సర్వీసులో ఉండగా తోటివాళ్ల విచారణల్లో ఆయన చాలాసార్లు డిఫెన్స్ హెల్పర్‌గా కూర్చున్నారు. తన ఇంట్లో గిన్నెలు తోమే మనిషికి మాత్రం వీటిలో ఒక్క నియమమూ వర్తించదన్న సంగతి, మనవరాలి వెండి పట్టీలు కనబడకుండా పోయేదాకా ఆయనకు తట్టలేదు.

బిలాస్‌పూర్‌లో తెలుగువాళ్లది రైలు పట్టాలతోపాటు మొదలైన కథ. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఒకవైపు ఈ ఊరి మీదుగా పట్టాలు పరిచింది, మరోవైపు వాల్తేరు దాకా రైళ్లు నడిపింది. 1931లో రాయపూర్-విజయనగరం లైను పూర్తయ్యాక ఉత్తరాంధ్ర పల్లెలకు ఛత్తీస్‌గఢ్ మరింత దగ్గరైంది. ఖలాసీలుగా, ఫైర్‌మన్లుగా వచ్చినవాళ్ల పిల్లలు ఇక్కడే పుట్టి, హిందీలో చదువుకుని, ఇంట్లో శ్రీకాకుళం యాస మాట్లాడుతూ పెరిగారు. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ మొదలయ్యే నాటికి వాళ్లలో మూడో తరం డ్యూటీ ఎక్కింది. ఆ లోకో పైలట్ తండ్రిది పలాస దగ్గరి పల్లె. ఆయన భార్యది టెక్కలి. పెళ్లయిన నాటి నుంచి 2021లో ఆయన రిటైరయ్యేదాకా ఆమె రైల్వే క్వార్టర్లలోనే కాపురం చేసింది.

క్వార్టర్లలో ఉన్నన్నాళ్లూ పనిమనిషిని 'వెతకడం' అనే మాటే ఆమెకు తెలియదు. లైనులో నాలుగిళ్లకు ఒకరే వచ్చేవారు. ఆమె పెద్దదైపోతే కోడలు వచ్చేది. ఎవరింట్లో ఏ డబ్బాలో ఏముందో వాళ్లకు తెలుసు, వాళ్లింట్లో ఎవరికి జ్వరమో వీళ్లకు తెలుసు. బుధవారీ బజార్లో కూరగాయల దగ్గర ఇద్దరూ ఎదురుపడేవాళ్లు. మొగుడికి నైట్ డ్యూటీ అయితే పనమ్మాయే వాకిట్లో పడుకుని సాయముండేది. ఆ నమ్మకం ఒక మనిషి మీద పెట్టుకున్నది కాదు. అది లైను మొత్తానిది. ఒకరింట్లో మాట తేడా వస్తే సాయంత్రానికి నాలుగిళ్లకూ తెలిసేది, తగువు తీర్చడానికి ఎవరో ఒక పెద్దావిడ ఉండేది.

ఆఫీసర్ల బంగళాల లెక్క వేరు. అక్కడ ఇంటి పనికి రైల్వేయే మనిషిని ఇచ్చేది. బ్రిటిష్ కాలం నుంచీ వస్తున్న ఈ బంగళా ప్యూన్‌కు తర్వాత టెలిఫోన్ అటెండెంట్ కమ్ డాక్ ఖలాసీ అని పెద్ద పేరు పెట్టారు. కొన్నేళ్లు ఆ ఇంట్లో పనిచేస్తే రైల్వేలో పర్మనెంట్ ఉద్యోగం దొరికేది. 2020 ఆగస్టులో రైల్వే బోర్డు ఈ కొత్త నియామకాలను నిలిపేసింది. అంటగిన్నెలు తోమించుకోవడానికి ప్రభుత్వ ఉద్యోగం ఎర వేయడం తప్పని విమర్శించినవాళ్లు ఎందరో. ఆ విమర్శ న్యాయమైనదే. కానీ ఇంటి పని చేసే మనిషికి జీతం, సెలవు, ముందు ముందు ఒక భరోసా ఉంటే ఆ మనిషి నిలబడి పనిచేస్తుందని ఆ పద్ధతి చెప్పకనే చెప్పింది.

తిఫ్రాలో అలాంటి లైను లేదు. రాయపూర్ రోడ్డు మీద, ఓవర్‌బ్రిడ్జి దాటితే వచ్చే ఈ ఊరు 2019లో బిలాస్‌పూర్ నగర పాలక సంస్థలో కలిసేదాకా వేరే మునిసిపాలిటీ. పారిశ్రామిక వాడ, హైటెక్ బస్టాండ్, వాటి వెనక కొత్తగా లేచిన కాలనీలు. ఒక ఇంట్లో హైకోర్టు గుమాస్తా, పక్కింట్లో సిమెంటు డీలరు, ఎదురింట్లో అద్దెకు దిగిన బ్యాంకు ఉద్యోగి. గేట్లు ఎత్తుగా ఉంటాయి, పరిచయాలు నమస్తే దగ్గర ఆగిపోతాయి. 'మీ బాయి మా ఇంటికి కూడా వస్తుందా' అని అడిగితే ఎవరికీ నచ్చదు. ఉన్న మనిషిని లాక్కుపోతారన్న భయం.

మోకాళ్ల నొప్పులతో వంగలేని స్థితిలో ఆమె ఆ ఊళ్లో వెతుకులాట మొదలుపెట్టింది. ఇస్త్రీ బండి వాడు చెప్పిన మొదటి అమ్మాయి రెండు నెలలు బాగానే చేసి, కార్తీక మాసంలో వరి కోతలకు ఊరికి పోయి మళ్లీ రాలేదు. రెండో ఆమె పారిశ్రామిక వాడలో ప్యాకింగ్ పని దొరకగానే మానేసింది. అక్కడ రోజు కూలీ, ఆదివారం సెలవు. ఇంకొకరి ఎంగిలి కడగక్కర్లేదు. ఆ లెక్క తప్పని ఎవరనగలరు?

ఏజెన్సీని అడుగుదామని కూతురు హైదరాబాద్ నుంచి ఫోన్‌లో సలహా ఇచ్చింది. కానీ ఛత్తీస్‌గఢ్‌లో 'ప్లేస్‌మెంట్ ఏజెన్సీ' అన్న మాటకు మంచి పేరు లేదు. జశ్‌పూర్, సర్గుజా వైపు గిరిజన పల్లెల నుంచి ఆడపిల్లలను ఢిల్లీ ఇళ్లలో పనికని తీసుకెళ్లి, జీతాలు ఎగ్గొట్టి, కొందరి జాడ కూడా తెలియకుండా చేసిన దళారుల కథలు ఇక్కడ ఇంటింటికీ తెలుసు. వాళ్లకు కళ్లెం వేయడానికే ఈ రాష్ట్రం 2013లో ప్రైవేటు ప్లేస్‌మెంట్ ఏజెన్సీల నియంత్రణ చట్టం తెచ్చింది. నమ్మకమైన మనిషి దొరకలేదని ఢిల్లీ ఇల్లాలు వాపోతుంటే, నమ్మకమైన ఇల్లు దొరకక పిల్లను పోగొట్టుకున్న తల్లి జశ్‌పూర్‌లో ఏడుస్తుంది.

చివరికి మూడో ఆమె దొరికింది. ముప్పై అయిదేళ్లుంటాయి. ఊడవడం, తడిగుడ్డ పెట్టడం, గిన్నెలు తోమడం కలిపి నెలకు రూ. 2,500కు ఒప్పుకుంది. ఈసారి పక్కాగా ఉండాలని ఆయన ఆధార్ జిరాక్సు, రెండు ఫోటోలు తీసుకుని పోలీసు స్టేషన్‌లో సర్వెంట్ వెరిఫికేషన్ ఫారం నింపి ఇచ్చారు. పేరు, భర్త పేరు, ఊరు, పుట్టుమచ్చలు, ఇంతకు ముందు పనిచేసిన చోటు. అంతా ఆమె గురించే. ఆ ఇంటివాళ్లు ఇంతకు ముందు పనివాళ్లతో ఎలా ఉన్నారో, వేలకు జీతం ఇచ్చారో లేదో రాసే గడి ఫారంలో ఉండదు.

చట్టం చూపు కూడా అటువైపే ఉంటుంది. 1860 నాటి శిక్షాస్మృతిలో మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లయితే, యజమాని సొత్తును నౌకరు దొంగిలిస్తే 381వ సెక్షన్ కింద ఏడేళ్లు. 2024 జులై 1న దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. నౌకరు దొంగతనం మాత్రం 306వ సెక్షన్‌గా, అదే ఏడేళ్లతో అలాగే ఉంది. నమ్మి ఇల్లప్పగిస్తే మోసం చేశారన్నది దాని వెనక తర్కం. మరి నమ్మి పనికొస్తే జీతం ఎగ్గొట్టినవాళ్లకు ఆ పుస్తకంలో ప్రత్యేకంగా సెక్షనేమీ లేదు.

2023 వేసవిలో కూతురు పిల్లతో వచ్చి పది రోజులుండి వెళ్లింది. హైదరాబాద్ చేరాక ఫోన్ చేసింది: పాప పట్టీలు పెట్టెలో లేవు, అక్కడే ఉండిపోయాయేమో చూడమని. ఇల్లంతా వెతికినా దొరకలేదు.

"ఏటైపోనాయో మరి. గదిలోకి వెళ్లేది అదొక్కర్తే కదా" అంది ఆవిడ.

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టారు. ఆ పది రోజుల్లో ఇంట్లోకి వచ్చినవాళ్లు: గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడు, కూలర్ బాగుచేసిన మెకానిక్, తోర్వా నుంచి భోజనానికొచ్చిన బంధువులు అయిదుగురు, పాపతో ఆడుకున్న ఎదురింటి పిల్లలు ఇద్దరు. పైగా పట్టీలు పాప కాళ్లకే ఉన్నాయి, బయట బజార్లో జారిపోయి ఉండొచ్చు.

"అంటే మనవాళ్లని అనుమానించమంటారేటి?" అని ఆమె ఎదురు ప్రశ్న వేసింది.

అసలు సంగతి ఆ ప్రశ్నలోనే ఉంది. వస్తువు పోయినప్పుడు ఇంట్లో ఒక వరుస ఉంటుంది. ఆ వరుసలో మొదట నిలబడేది పనిమనిషి. చాలాసార్లు చివర నిలబడేదీ ఆమే, ఎందుకంటే రెండో పేరు దాకా ఎవరూ వెళ్లరు.

మర్నాడు ఆవిడ అడిగేసింది. తిట్టలేదు, గొంతు పెంచలేదు. 'నువ్వేమైనా చూశావా' అని మాత్రమే అంది. కానీ అడిగించుకున్న మనిషికి అర్థమైపోయింది. "మయ్ నఇ దేఖే హవ్" అంది, తను చూడలేదని. ఆ తర్వాత ఎవరూ అడగకుండానే తన గుడ్డ సంచీ తెచ్చి వంటింటి గచ్చు మీద బోర్లించింది. ఫోన్ ఛార్జరు, సగం తిన్న బిస్కెట్ పొట్లం, ఒక మందుల స్ట్రిప్. అన్నీ మళ్లీ సంచీలో వేసుకుని, సింకులో మిగిలిన గిన్నెలు తోమి, గట్టు తుడిచి వెళ్లిపోయింది. తర్వాతి రోజు రాలేదు. ఆ నెలలో పనిచేసిన పదకొండు రోజుల జీతం అడగడానికి కూడా రాలేదు.

"తియ్యకపోతే ఎందుకు మానేస్తాది?" అన్నది ఇంట్లో మొదట వచ్చిన మాట. తీసినవాళ్లు అనుమానం రాకుండా రోజూ వస్తారన్నది కూడా అంతే బలమైన వాదన. విచారణ లేనిచోట వచ్చినా నేరమే, రాకపోయినా నేరమే.

ఆ తర్వాత రెండు నెలలు ఎవరూ పనికి రాలేదు. జీతం రూ. 3,000 చేస్తామన్నా రాలేదు. బస్తీలో ఆ ఇంటికి పేరు పడిపోయిందని పాలవాడు చెప్పాడు. 'అక్కడికెళ్తే దొంగతనం అంటగడతారు.' పోలీసు ఫారంలో లేని గడి బస్తీలో ఉంది. జీతం ఏ తేదీన ఇస్తారు, మిగిలిన కూర పెడతారా పాడైన కూర పెడతారా, ఇంటి మగవాళ్ల చూపు ఎలా ఉంటుంది, గ్లాసు పగిలితే జీతంలో కోస్తారా... ప్రతి ఇంటి గురించీ అక్కడ వెరిఫికేషన్ ఎప్పుడో పూర్తయి ఉంటుంది. ఇళ్లవాళ్లు పనివాళ్లను వెతుకుతున్నామనుకుంటారు. పనివాళ్లు కూడా అంతే జాగ్రత్తగా ఇళ్లను వెతుక్కుంటారు.

ఈ అపనమ్మకం పెద్ద ఊళ్లలో రోడ్డుకెక్కిన సందర్భాలున్నాయి. 2017 జులైలో నోయిడాలోని ఒక అపార్ట్‌మెంట్ సముదాయంలో పనిమనిషి మీద దొంగతనం ఆరోపణ వచ్చింది. రాత్రికి ఆమె ఇంటికి చేరకపోవడంతో ఆమెను నిర్బంధించారంటూ తెల్లవారేసరికి బస్తీ జనం గేటు మీద పడ్డారు. అద్దాలు పగిలాయి, అరెస్టులు జరిగాయి. ఇరుపక్షాల కథలూ చివరిదాకా కలవలేదు. తిఫ్రాలో రాళ్లు పడలేదు. ఎవరూ రాకపోవడమే ఇక్కడి జవాబు.

ఆ రెండు నెలల్లో ఆవిడ స్టూలు మీద కూర్చుని జరుగుతూ ఇల్లు తుడిచింది. మోకాలి ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పేశాడు. అప్పుడు పాలవాడే ఒకామెను తీసుకొచ్చాడు. యాభై దాటిన మనిషి. పనిలో చేరడానికి రాలేదు, మాట్లాడటానికి వచ్చింది. గుమ్మంలో నిలబడే ప్రశ్నలు వేసింది. జీతం ఏ తేదీన? నెలకు సెలవులెన్ని? ఒంట్లో బాగోక నాలుగు రోజులు రాకపోతే కోస్తారా? తీజాకు పుట్టింటికి వెళ్లనిస్తారా?

తీజా అంటే ఛత్తీస్‌గఢ్ ఆడవాళ్లకు ఏడాదికొక్కసారి వచ్చే స్వేచ్ఛ. భాద్రపద శుద్ధ తదియకు పెళ్లయిన కూతుర్ని పుట్టింటివాళ్లు వచ్చి తీసుకెళ్తారు. ముందురోజు రాత్రి కాకరకాయ కూరతో అన్నం తిని, మర్నాడు ఉపవాసం ఉంటారు. ఆ వారం బిలాస్‌పూర్‌లో అంట్లు ఎవరివి వాళ్లే తోముకుంటారు. చెప్పాపెట్టకుండా మానేసిందని పనిమనిషి మీద వచ్చే ఫిర్యాదుల్లో సగం ఈ సెలవు ముందుగా మాట్లాడుకోకపోవడం వల్లే వస్తాయి. ఏటా 30 రోజుల సగటు జీతపు సెలవు అనుభవించిన రిటైర్డ్ రైల్వే సర్వెంట్‌కు ఆ ప్రశ్నలో న్యాయం వెంటనే అర్థమైంది.

నెల రోజుల తర్వాత ఆపరేషన్ కోసం దంపతులు హైదరాబాద్ బయల్దేరారు. తులసికోటకు నీళ్లు పోసి, వారానికోసారి ఇల్లు ఊడ్చి పెట్టమని ఆమెకు ఇంటి తాళంచెవి ఇవ్వబోయారు. ఆమె చేయి చాపలేదు. "చాబీ నఇ లేవవ్" అంది. గేటు తాళంచెవి చాలు, వాకిలి చూసుకుంటానంది. నమ్మే ఇస్తున్నామని ఆవిడ చెప్పబోతే, వచ్చిన జవాబు ఇది: "మీ ఇంట్లో వస్తువు పోతే మీకు వస్తువే పోతుంది. నాకు నాలుగిళ్లు పోతాయి."

నమ్మకమైన పనిమనిషి కావాలని అడిగేవాళ్లెవరూ ఈ లెక్క వేయరు. పట్టీలు మళ్లీ కొనుక్కోవచ్చు. పేరు పోయిన మనిషికి ఆ బస్తీలో, ఆ కాలనీలో మళ్లీ పని దొరకదు. నమ్మడంలో ఇంటివాళ్లు పెట్టే పందెం కంటే పనిమనిషి పెట్టే పందెం పెద్దది. తాళంచెవి ఇవ్వడం ధైర్యమని ఇంటివాళ్లు అనుకుంటారు. తీసుకోవడానికి అంతకంటే ఎక్కువ ధైర్యం కావాలి.

దేశంలో దీనికి నియమాలు రాసే ప్రయత్నాలు జరగలేదని కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో ఇంటి పనిని కనీస వేతనాల జాబితాలో చేర్చింది. 2008 నాటి అసంఘటిత కార్మికుల సామాజిక భద్రత చట్టం, 2013 నాటి పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఇంటి పనివాళ్లనూ లెక్కలోకి తీసుకున్నాయి. వారానికి 24 గంటల విశ్రాంతి ఇవ్వాలన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడికకు 2011లో భారత్ ఓటు వేసింది కానీ, ధ్రువీకరించే పని పక్కన పెట్టింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇంటి పనివాళ్లకు ప్రత్యేక చట్టం అవసరమా అన్నది పరిశీలించేందుకు కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. అదే ఏడాది మార్చిలో ముంబయిలో ఒక కంపెనీ పావుగంటలో పనిమనిషిని పంపే సేవ తెచ్చింది. దానికి పెట్టిన పేరు మీద గొడవ లేచాక పేరు మార్చింది. పావుగంటలో మనిషి రావచ్చు. నమ్మకం అంత తొందరగా రాదు.

హైదరాబాద్ నుంచి తిరిగొచ్చాక ఆయన తనకు తెలిసిన పనే చేశారు. కాగితం మీద నియమాలు రాశారు. జీతం ప్రతి నెలా 5న. నెలకు నాలుగు సెలవులు. జబ్బు చేస్తే కోత లేదు. చివరి నియమం రాసేటప్పుడు ఆయన చాలాసేపు ఆలోచించారు: ఏదైనా వస్తువు కనబడకపోతే ముందు మూడు రోజులు ఇల్లు వెతకాలి, ఆ వారం వచ్చినవాళ్లందరి పేర్లూ రాయాలి, ఆ తర్వాతే ఎవరినైనా అడగాలి. "ఇది ఎస్‌ఎఫ్-5 ఏటండీ?" అని భార్య నవ్వింది. కానీ కాగితం చించమనలేదు. పనామెకు చదువు రాదు. పదో తరగతి చదువుతున్న కూతురితో చదివించుకుని, కింద ఆ పిల్ల చేత్తోనే ఒక లైను కలిపి పంపింది: తీజాకు ఐదు రోజులు.

ఇంకో పని మిగిలింది. పాత పనామె పదకొండు రోజుల జీతం. ఆయన పాలవాణ్ని అడిగి ఇల్లు కనుక్కుని వెళ్లారు. ఆమె బయటకొచ్చి డబ్బు తీసుకుని లెక్కపెట్టుకుంది.

"పట్టీలు దొరికాయా?" అని అడిగింది.

"లేదు."

"మరి ఎందుకొచ్చారు?"

"నీ జీతం ఇవ్వడానికి. దానికీ దీనికీ సంబంధం లేదు."

ఆమె తలూపింది. మళ్లీ పనికి రమ్మని ఆయన అడగలేదు, వస్తానని ఆమె అనలేదు. కానీ ఆ తర్వాత కాలనీలో ఎదురైతే పలకరిస్తోంది. ఆ ఇంటి గురించి బస్తీలో మాట కూడా కొద్దిగా మారిందని పాలవాడు అంటాడు.

పట్టీలు ఇప్పటికీ దొరకలేదు. ఎవరు తీశారో, అసలు ఎవరైనా తీశారో లేదో ఆ ఇంటికి తెలియదు. తెలియకపోయినా పని నడుస్తోంది. మంచం కింద రూపాయి బిళ్ల దొరికినా ఆమె ఆవిడను పిలిచి చూపించి బల్ల మీద పెడుతుంది. మొదటి తీజాకు వెళ్లి, అన్నమాట ప్రకారం ఆరో రోజు పొద్దున్నే గేటు తీసింది. తాళంచెవి సంగతి ఆ దంపతులు ఇప్పటికి మూడుసార్లు ఎత్తారు. ప్రతిసారీ 'చూద్దాం ఆంటీ' అంటోంది. ఇవ్వడానికి ఇల్లు సిద్ధంగానే ఉంది. తీసుకోవాలో వద్దో ఆమె ఇంకా తేల్చుకోలేదు.